పాత పేటకు సేవ చేయాలంటే: కుంచెను అన్నిటికన్నా చివరే పట్టండి

వందేళ్ళు దాటిన సున్నపు గోడకు ఒక్క ఆదివారంలో ఎమల్షన్ రంగు పూసేయవచ్చు. ఫొటోల్లో కూడా బాగుంటుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు బుడగలు లేచి పెచ్చులుగా ఊడిపోతుంది, వెంట పాత గారనూ పట్టుకుపోతుంది. సున్నపు మాలుతో, అంటే ఇటుకల నడుమ పెట్టే సున్నం, ఇసుక ముద్దతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండా గాలీ తగిలితే వదిలేస్తుంది. పైన ఎమల్షన్ లాంటి ప్లాస్టిక్ పొర పడితే ఆ చెమ్మకు బయటికి దారి ఉండదు. లోపలే నిలిచి గారను కుళ్ళబెడుతుంది.

అందుకే పాత పేటలో స్వచ్ఛందంగా పని చేయాలనుకునేవారు మొదట పని వరుస నేర్చుకోవాలి. ముందు నీటి దారి చూడాలి, తరువాత శుభ్రం చేయాలి, ఆపైన మరమ్మతు, అన్నిటికన్నా చివర రంగు. చాలా బృందాలు రంగుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి.

ముందుగా ఎవరిని అడగాలి

గోడ ఎవరిదో తెలుసుకోకుండా బకెట్ దించకండి. ఇంటి యజమాని, అద్దెకు ఉంటున్నవారు, పక్క గోడ పంచుకునే ఇంటివారు, ముగ్గురితోనూ మాట్లాడాలి. ఆ వీధి రక్షిత ప్రాంతమైతే వారసత్వ కట్టడాల శాఖ, స్థానిక సంస్థల అనుమతి కూడా కావాలి. చాలాచోట్ల రక్షిత కట్టడం మీద రంగు మార్చడానికీ, ఒక్క మేకు కొట్టడానికీ కూడా అనుమతి తప్పనిసరి.

అనుమతి కాగితం మీద ఉండాలి. అందులో నాలుగు విషయాలు తప్పనిసరి: ఏ గోడ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ పదార్థం వాడతారు, ఏ రోజుల్లో చేస్తారు, తేడా వస్తే పని ఆపించే అధికారం ఎవరిది. నాలుగోది చాలామంది మరచిపోతారు. యాభై మంది ఉత్సాహంగా పని చేస్తున్నప్పుడు ఆగమని చెప్పేవారు ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు ఎవరో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

వీధిలో నివసించేవారికి ఏం కావాలో కూడా అడగండి. మీకు అందవికారంగా కనబడే రేకు పందిరి కింద ఎవరో రోజూ కూర్చుని పని చేసుకుంటూ ఉండవచ్చు. మీరు ముందు గోడ గురించి ఆలోచిస్తుంటే, వారిని వేధించేది వెనక కాలువ కంపు కావచ్చు. ఆ కాలువతో మొదలుపెట్టిన బృందానికి మరుసటి నెల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ముందు వీధినే మెరిపించి వెనక సందుల్ని వదిలేస్తే, అది అక్కడ ఉండేవారి కోసం చేసిన పని కాదని వారికి వెంటనే అర్థమవుతుంది.

వానలో ఒకసారి నడవండి

పరిశీలనకు సరైన రోజు జోరుగా వాన పడే రోజు. గొడుగు, నోటు పుస్తకం, ఫోను పట్టుకుని వీధి చివరి దాకా నడవండి. చూరు నుంచి నీరు ఎక్కడ గోడ మీదికి కారుతోందో, ఏ వాన గొట్టం అతుకు దగ్గర చిమ్ముతోందో, గోడ మొదట్లో నీరు ఎక్కడ నిలుస్తోందో గుర్తు పెట్టుకోండి. ఎండలో కనబడే పచ్చని నాచు చారకు, ఊడిన గారకు, నల్లని మరకకు మూలం ఆ రోజే దొరుకుతుంది. మూలం వదిలేసి మరక కడిగితే మళ్ళీ వానకు మరక తిరిగి వస్తుంది.

వాన లేని రోజున మరో మూడు పరీక్షలు చేయండి. వేళ్ళ కణుపులతో గారను మెల్లగా తట్టండి. గుల్లగా మోగితే గార గోడను వదిలేసిందని అర్థం. అక్కడ రుద్దకూడదు, మేస్త్రికి చూపించాలి. గోడ మీద నాలుగు చుక్కల నీరు వేయండి. పీల్చుకుంటే గోడ ఊపిరి పీలుస్తోంది. జారిపోతే పైన ఏదో రంగో, పూతో ఉంది. ఇటుకల సందులో మాలును తాళంచెవి కొనతో గీకండి. పొడిగా రాలితే చాలావరకు సున్నపు మాలు, గీత కూడా పడకపోతే సిమెంటు. వెనిగర్ చుక్క వేసి నురగ వస్తే సున్నమని కొందరు చెబుతారు. పాతబడిన సిమెంటు కూడా పైపైన నురగ చూపిస్తుంది కాబట్టి ఆ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు.

గోడ మొదట్లో నేల మట్టం కూడా చూడండి. ఇంటి లోపలి నేల కన్నా బయటి నేల కనీసం 15 సెంటీమీటర్లు దిగువన ఉండాలి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన వీధుల్లో ఇది తిరగబడుతుంది. అప్పుడు గోడ పాదం ఎప్పుడూ తడిలోనే ఉంటుంది. ఇది మీరు ఒక్కరోజులో సరిచేయగలిగేది కాదు, కానీ నివేదికలో మొదటి వాక్యం ఇదే కావాలి.

ముట్టుకునే ముందు రికార్డు

ప్రతి గోడకు మూడు ఫొటోలు తీయండి: మొత్తం గోడ, సగం దూరం నుంచి, దెబ్బతిన్న చోటు దగ్గరగా. దగ్గరి ఫొటోలో కొలబద్ద కనబడాలి. నిలబడిన చోటు నేల మీద సుద్దతో గుర్తుపెట్టి, పని తరువాత అక్కడి నుంచే మళ్ళీ తీయండి. ఫైలు పేరులో తేదీ, ఇంటి నంబరు, గోడ దిక్కు ఉండాలి. పాత రంగు పొరలు కనబడేచోట అగ్గిపెట్టె అంత మేర ముట్టుకోకుండా వదిలేయండి. ఆ పొరలు ఆ ఇంటి చరిత్ర, రేపు వచ్చే నిపుణుడికి అదే ఆధారం.

పోయిన అలంకారాన్ని ఊహించి కొత్తగా చెక్కించడం, చెరిగిన బొమ్మను మన ఇష్టం వచ్చినట్టు పూరించడం వద్దు. పరిరక్షకులందరూ ప్రమాణంగా తీసుకునే 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఈ మాట స్పష్టంగా చెబుతుంది: ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలి. కట్టడాలను క్రమం తప్పకుండా చూసుకోవడమే పరిరక్షణకు మొదటి షరతని కూడా అదే చెబుతుంది. స్వచ్ఛంద సేవకుల చేతికి అన్నిటికన్నా బాగా నప్పే పని ఆ రెండోది.

బృందం ఎలా ఉండాలి

పన్నెండు మందికి ఒక పెద్ద దిక్కు చొప్పున పెట్టుకోండి. అంతకు మించితే ఎవరు ఏం రుద్దుతున్నారో చూడటం కుదరదు. నేల మీద నిలబడి చేయి అందినంత మేర మాత్రమే సేవకుల పని. రెండు మీటర్లు దాటిన ఎత్తు అంతా సరైన పరంజా మీద, అనుభవం ఉన్నవారిదే. పాత బాల్కనీల మీద, సజ్జాల మీద ఎవరూ నిలబడకూడదు. లోపలి కడ్డీ తుప్పు పట్టి పైకి బాగానే కనబడేవి చాలా ఉంటాయి.

ప్రతి జట్టు దగ్గర నైలాన్ బ్రష్షులు, ప్లాస్టిక్ గీకుడు చెక్కలు, చెత్త గంపలు, రబ్బరు తొడుగులు, పక్కలు కూడా మూసి ఉండే కళ్ళద్దాలు, చేతిపంపు స్ప్రేయర్, కళ్ళు కడుక్కోవడానికి విడిగా పెట్టిన మంచినీరు ఉండాలి. ఇనుప తీగ బ్రష్షును గోడల పని నుంచి పూర్తిగా తీసేయండి. రాయి మీద దాని నుంచి రాలే నలుసులు తుప్పు పట్టి నారింజ రంగు మరకలవుతాయి, అవి ఇక పోవు.

శుభ్రం చేయడం

మొదట చూరు కాలువలు, తూములు, వాన గొట్టాలు. ఆకులు, మట్టి, పాత గూళ్ళు తీసి, బకెట్ నీళ్ళు పోసి అటు చివర ధారగా వస్తోందో లేదో చూడండి. గూడులో గుడ్లో పిల్లలో ఉంటే అది ఖాళీ అయ్యేదాకా ఆగండి. ఈ ఒక్క పని సక్రమంగా జరిగితే, మిగతా ఏదీ చేయకపోయినా ఆ సంవత్సరం పేటకు మేలు చేసినట్టే.

పావురాల రెట్టను ఎప్పుడూ పొడిగా ఊడవకండి. ఆ ధూళిలోని శిలీంధ్రాలు ఊపిరితిత్తులకు జబ్బు తెస్తాయి. ఎన్95 మాస్కు పెట్టుకుని, రెట్టను నీటితో బాగా నాననిచ్చి, చెక్కతో ఎత్తి సంచిలో వేసి మూతి కట్టాలి.

గోడ కడగడానికి మొదట వాడవలసినవి నీళ్ళు, మెత్తని బ్రష్షు, ఓపిక. అవి చాలకపోతే చాలా పలుచగా కలిపిన తటస్థ డిటర్జెంట్. అదీ చాలకపోతే ఆగిపోండి. కింది నుంచి పైకి తడుపుకుంటూ వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీరు పొడిగా ఉన్న కింది గోడలోకి ఇంకి చారలు కడుతుంది. చివర మురికి పోయేలా కడిగే నీటిని మాత్రం పైనుంచి కిందికే పోయాలి. ఏ పద్ధతైనా ముందు ఎవరికీ కనబడని మూల అరచేయి అంత చోట చేసి, పూర్తిగా ఆరాక చూసి నిర్ణయించండి. తడిగా ఉన్నప్పుడు అన్నీ బాగానే కనబడతాయి.

ప్రెషర్ మెషీన్, ఇసుక ఊదే మెషీన్, యాసిడ్, బ్లీచింగ్, ఈ నాలుగూ పాత గోడల దరికి రాకూడదు. బట్టీలో కాలిన ఇటుకకు పైన గట్టి తొక్క ఉంటుంది. ఇసుక తాకిడికి ఆ తొక్క పోతే లోపలి మెత్తని భాగం వానకు కరుగుతుంది. ప్రెషర్ నీరు సందుల మాలును తవ్వేస్తుంది. యాసిడ్ సున్నాన్ని, సున్నపురాయిని తినేస్తుంది. బ్లీచింగ్ తెల్లబరుస్తుంది కానీ గోడలో ఉప్పు వదిలిపోతుంది.

ఆ ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గోడ మీద తెల్లని పొడిలా పూసేదాన్నే చౌడు అంటాం. నీటితో కలిసి గోడ లోపలి నుంచి ఉప్పు వస్తుంది, నీరు ఆరిపోయాక ఉపరితలం మీద గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు రంధ్రాల లోపల ఒత్తిడి పెంచి ఇటుకను పొడి చేస్తుంది. చౌడును కడిగితే మళ్ళీ కరిగి లోపలికే పోతుంది. పొడిగా ఉన్నప్పుడు మెత్తని బ్రష్షుతో దులిపి, చేటలోకి పట్టి, ఆ పొడిని దూరంగా పారేయాలి. గోడ మొదట్లోనే రాలనిస్తే తరువాతి వానకు అదే తిరిగి పైకి పాకుతుంది.

పోస్టర్లను లాగకండి. గోరువెచ్చని నీటిలో ముంచిన బట్టను పావుగంట నుంచి ఇరవై నిమిషాలు అంటించి ఉంచి, తరువాత ప్లాస్టిక్ చెక్కతో గీకాలి. రాయి మీద స్ప్రే రంగుతో రాసిన రాతలు వేరే కథ. ద్రావకం పోసి రుద్దితే రంగు కరిగి రాయి రంధ్రాల్లోకి దిగుతుంది, ఇక శాశ్వతం. దానికి చైనా మట్టి లాంటి పీల్చే పదార్థంలో ద్రావకం కలిపి పట్టీలా వేసి లాగించాలి. అది శిక్షణ పొందినవారి పని. మీరు చేయవలసింది ఒక్కటే, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా కబురు చేయడం.

గోడలో మొలిచిన మొక్కలు

పగుళ్ళలో మొలిచిన మర్రి, రావి జాతి మొక్కను చూడగానే చేతులు లాగడానికే వెళతాయి. బొటనవేలి అంత మందం లేని, ఈ ఏడాదే మొలిచిన మొక్క తేలికగా వస్తే తీయండి. రాకుండా గట్టిగా పట్టుకుని ఉంటే ఆగండి. ఆ వేరు ఇప్పుడు రాళ్ళను పగలగొట్టడమే కాదు, కలిపి పట్టుకుంటోంది కూడా. లాగితే రాయే ఊడి వస్తుంది. కాండాన్ని గోడకు దగ్గరగా రంపంతో కోసి, స్థానిక నిబంధనలు అనుమతిస్తే, కోసిన కొద్ది నిమిషాల్లోనే ఆ తాజా కోత మీద మాత్రమే కలుపు మందును చిన్న బ్రష్షుతో పూయాలి. ఆలస్యమైతే కోత మూసుకుపోయి మందు లోపలికి దిగదు. వేరు చచ్చి ఎండడానికి నెలలు పడుతుంది. ఆ తరువాత వదులైన భాగం తీసి, ఖాళీని సున్నపు మాలుతో నింపాలి. ఐవీ లాంటి తీగలనైతే మొదట్లో కోసి, కొంత ముక్క తీసేసి, పూర్తిగా వాడి ఎండే దాకా వదిలేయాలి. పచ్చిగా పీకితే గార ఊడుతుంది.

ఇటుక సందులు

ఇది మేస్త్రి పక్కన ఉండి చేయవలసిన పని. రాలిపోతున్న మాలును సందు వెడల్పుకు రెండింతల లోతు, తక్కువలో తక్కువ 20 మిల్లీమీటర్లు, చేతి ఉలితో తీయాలి. గ్రైండర్ ఇటుక అంచులు తినేస్తుంది. దుమ్ము దులిపి తడిపి, సున్నపు ముద్ద ఒక పాలు, జల్లించిన గరుకు ఇసుక మూడు పాళ్ళు కలిపిన మాలును ఒత్తి నింపాలి. తరువాత తడి గోనెపట్టా వేలాడదీసి వారం రోజులు ఆరనీయకుండా చూడాలి. ఇక్కడే సేవకుల అవసరం నిజంగా ఉంది. రోజుకు రెండుసార్లు వచ్చి గోనె తడిపే మనిషి లేక ఎన్నో మంచి పనులు పాడయ్యాయి.

సిమెంటు వద్దనడానికి కారణం దాని గట్టిదనమే. గోడలో ఇటుక కన్నా మాలు మెత్తగా ఉండాలి. అప్పుడు కదలికనూ చెమ్మనూ మాలు మోస్తుంది. సిమెంటు నింపితే ఆ భారం ఇటుక మీద పడి, కొన్నేళ్ళకు సందులు గట్టు కట్టినట్టు నిలబడి ఇటుకలు మాత్రం లోపలికి కరిగిపోతాయి.

వెల్ల వేయడం

సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్‌లో కాలిస్తే పొడి సున్నం వస్తుంది. దానికి నీళ్ళు తగిలితే సలసల మరుగుతుంది. ఆ నీరు పట్టించే పని సేవకులు చేయకూడదు. కనీసం మూడు నెలలు నీటిలో మగ్గిన సున్నపు ముద్దను కొని తెచ్చుకోండి. గోడ మీద వేశాక సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. ఆ మార్పుకు చెమ్మ కావాలి, సమయం కావాలి. వెల్ల గురించిన నియమాలన్నీ దీనిలోంచే పుట్టాయి.

లెక్క ఇలా వేసుకోండి. ఎనిమిది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల ఎత్తు గోడ అంటే 40 చదరపు మీటర్లు. ఒక లీటరు వెల్ల సుమారు అయిదు చదరపు మీటర్లకు వస్తుంది, కాబట్టి ఒక్కో పూతకు ఎనిమిది లీటర్లు. అయిదు పూతలకు 40 లీటర్లు. ముద్ద ఒక పాలుకు నీళ్ళు రెండున్నర పాళ్ళ చొప్పున 12 లీటర్ల ముద్ద, 30 లీటర్ల నీళ్ళు సరిపోతాయి. గరుకు గోడ ఎక్కువ తాగుతుంది, పావు వంతు అదనంగా పెట్టుకోండి. కలిపాక సన్నని జల్లెడలో వడకట్టాలి. కుంచె నుంచి పాలలా జారాలి, మీగడలా అంటుకోకూడదు.

రంగు కావాలంటే సున్నానికి తట్టుకునే మట్టి రంగులు, ఐరన్ ఆక్సైడ్ రంగులే వాడాలి, ముద్ద బరువులో పదో వంతు మించకుండా. పొడిని ముందు రోజు రాత్రే వేడి నీటిలో నానబెట్టండి. గోడ మొత్తానికి కావలసింది ఒకేసారి కలపాలి. రెండోసారి కలిపిన ఛాయ మొదటిదానితో కలవదు. తడి మీద ముదురుగా ఉన్నది ఆరాక చాలా లేతబడుతుంది. చిన్న పలక మీద వేసి ఆరాకే సరేననండి.

వేసే ముందు గోడను తడపాలి. మెరుపు ఉండకూడదు, చెమ్మ ఉండాలి. కుంచెను అటూ ఇటూ అడ్డదిడ్డంగా తిప్పుతూ గోడలోకి రుద్దండి. వేసినప్పుడు ఏమీ కనబడదు, నీళ్ళు పూసినట్టే ఉంటుంది. కొత్తవారందరూ ఇక్కడే భయపడి మందంగా వేస్తారు. కొన్ని గంటల తరువాత తెలుపు తేలుతుంది, నమ్మండి. పూతకూ పూతకూ నడుమ కనీసం 24 గంటలు ఉండాలి. అంటే అయిదు పూతలకు అయిదు రోజులు. ఒక్కరోజు కార్యక్రమంలో వెల్ల పూర్తి కాదని దీని అర్థం. నలభై మంది ఒక్కరోజు రావడం కన్నా నలుగురు అయిదు రోజులు రావడం మేలు.

మిట్ట మధ్యాహ్నం ఎండలో, వాన వచ్చే రోజున, ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా తగ్గే చోట వేయకండి. మొదటి రెండు మూడు రోజులు ఎండ పడే గోడకు తడి గోనె తెర కట్టండి. చేత్తో తుడిస్తే తెల్లటి పొడి అంటుతోందంటే త్వరగా ఆరిపోయిందని, లేదా గోడ తడపలేదని. సన్నని పగుళ్ళు వచ్చాయంటే మందంగా వేశారని. పెచ్చులుగా లేచిందంటే కింద ఎమల్షన్ ఉందని. సున్నం దాని మీద నిలవదు, ముందు ఆ పొర పోవాలి.

సున్నపు నీరు కళ్ళకు చాలా ప్రమాదం. కంట్లో పడితే రుద్దకుండా, మంచినీటితో కనీసం ఇరవై నిమిషాలు కడుగుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కళ్ళద్దాలు లేనివారి చేతికి కుంచె ఇవ్వకండి.

తలుపులు, కటకటాలు

పాత చెక్క మీది రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. సీసపు తెలుపును అదుపు చేయడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసినా, చాలా దేశాల్లో ఆ రంగులు దశాబ్దాల తరువాత కూడా నడిచాయి. పరీక్ష కిట్‌తో చూడకుండా గరుకు కాగితం వేయకండి, వేడి గాలితో కరిగించకండి. పిల్లల్ని, గర్భిణులను ఆ దరికి రానివ్వకండి.

రంగు లేని చెక్కకు అవిసె నూనె పలుచగా రుద్ది, ఇరవై నిమిషాల తరువాత మిగిలింది తుడిచేయాలి. తుడిచిన బట్టలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. ఇనుప కటకటాలకు తుప్పు గీకి, ప్రైమర్ వేసి, రెండు పూతల రంగు చాలు.

మొక్కలు, బొమ్మలు

పూలపాదులను గోడకు ఆనించి తవ్వకండి. పోసిన నీరంతా పునాదిలోకి పోతుంది. గోడ వెంట అర మీటరు గులకరాళ్ళు వదిలి, మొక్కలను కుండీల్లో పెట్టండి. ప్రతి కుండీకి నీళ్ళు పోసే ఇంటి పేరు ముందే రాసుకోండి, పేరు దొరకని కుండీ పెట్టకండి. గోడ బొమ్మలు వేయాలని ఉంటే విడి పలకల మీద వేసి, రంధ్రం పడేది ఇటుకలో కాకుండా మాలు సందులో ఉండేలా తగిలించండి. రేపు తీసేయాలన్నా గోడకు గాయం మిగలదు. వీధుల పాత పేర్లు పెద్దవారిని అడిగి రాసి పెట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమే. కొత్త బోర్డు పెట్టేటప్పుడు ఆ పేరు కింద వరుసలోనైనా ఉండాలి.

ఏడాది పట్టిక

వానాకాలానికి నెల ముందు చూరు కాలువలు, తూములు. వానల్లో ఒక నడక. వానలు తగ్గాక గోడ మొక్కలు, చౌడు. గాలి మరీ పొడిగా, మరీ చల్లగా లేని వారాల్లో సందులు, వెల్ల. ఏప్రిల్ 18 అంతర్జాతీయ కట్టడాల దినం. యునెస్కో 1983లో ఆమోదించిన ఈ రోజున చాలాచోట్ల రంగుల కార్యక్రమాలు పెడతారు. ఆ వారం వాతావరణం సున్నానికి సరిపడకపోతే ఆ రోజును ఫొటోలకు, ఇంటింటి పలకరింపుకు వాడుకోండి. నిరుడు సుద్దతో గుర్తుపెట్టిన చోటే నిలబడి అదే గోడను మళ్ళీ ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, ఆ ఇంటివారికి చూపించి, ఈ ఏడాది ముందు ఏది చేయాలో వారినే చెప్పమనండి.